గంగబాబు పాతించిన రాళ్లు

పక్కవాడి ఆకు వైపు చూడకండి. అవును, మీకే చెబుతున్నాను. మొన్న పెళ్లి భోజనంలో మీ ఆకులో బూరె చల్లారిపోతుంటే, పక్కాయన బూరెలో నెయ్యి ఎంత పోసేరో మెడ చాపి మరీ చూసేరు. చూడలేదని బొంకకండి. మీకేమైనా తక్కువ పోసేరా అంటే అదీ లేదు. ఎంత పోసినా తీరని రోగం అది. ముదిరితే మనిషిని ఏం చేస్తుందో కొత్తపేట గంగబాబుని చూసి తెలుసుకోండి. మీ ఆకు మీరు చూసుకుంటూ వినండి.

గంగబాబు ఫోటోగ్రాఫరు. కొత్తపేట సెంటర్లో ముప్ఫై ఏళ్లుగా స్టూడియో. పనిమంతుడు, అందులో వంక పెట్టడానికి లేదు. రోజూ అయిదింటికి లేచి, కాఫీ తాగి, స్కూటర్ మీద లొకేషన్లు చూడ్డానికి బయల్దేరేవాడు. ఏ కాలువ మీద మంచు ఎంతసేపు నిలుస్తుంది, ఏ లాకుల దగ్గర సాయంత్రపు ఎండ నీళ్ల మీద ఎలా పడుతుంది, పెళ్లికూతురు చేలో దిగితే ఏ రైతు నవ్వి ఊరుకుంటాడు, ఏ రైతు కర్ర పట్టుకొస్తాడు, అన్నీ నోటికి వచ్చు. పెళ్లి కుదిరిన జంటలూ, షష్టిపూర్తి దంపతులూ, చంటిపిల్లలతో కుటుంబాలూ అతని వెనకాల కార్లలో వచ్చేవారు.

అయితే కోనసీమ మొత్తం మీద మంచి లొకేషను ఒకచోట ఉండేది కాదు. అది ఏడు కొబ్బరిచెట్ల గట్టు. నలభై గజాల పొడుగు, పక్కన నీళ్లు పారే చిన్న బోదె. సోమవారం అంబాజీపేట దగ్గర కనిపిస్తే గురువారానికి రాజోలు అవతల ఉంటుంది. ఎవరి చేలో ఆగితే వాళ్లు దూడని కట్టుకుంటారు, కాయలు దింపు తీయించుకుంటారు. అది లేచి వెళ్లేక చేనుకి నీళ్లు పెట్టుకుంటారు. రోడ్డు దాటుతుంటే బస్సు ఆగుతుంది, దాటేక వెళుతుంది. దాని మీద నిలబడ్డవాళ్లు కెమెరా సంగతి మరిచిపోతారు. అలిగి వచ్చిన మావగారు కూడా మనవరాలి జడ సవరిస్తూ నవ్వేస్తాడు. చెట్లు కాస్త వంగి, ఎవరి మొహాన ఎండ పడితే వాళ్లకి గొడుగు పడతాయి. ఫోటోగ్రాఫరుకి ఇంకేం కావాలి?

గట్టు ఎక్కడుందో తెలిసిన మనిషి మాణిక్యం. పి.గన్నవరం అవతలి లంకలో గేదెని పెట్టుకుని పాలు పోస్తుంది. ఆ మధ్య గోదావరి వరదకి లంకంతా మునిగినప్పుడు గట్టు ఈదుకుంటూ వచ్చి ఆవిడ గుమ్మంలో ఆగింది. తొమ్మిది రోజులు ఆవిడ గేదెతో సహా దాని మీదే కాలక్షేపం చేసింది. అప్పట్నించీ గట్టు ఎటు వెళ్లినా ఆవిడకి చెప్పే వెళుతుంది. ఫోన్ చేసి అడిగితే ఎవరికైనా చెబుతుంది.

“ఇవాళ మలికిపురం దగ్గరుందండి. పొద్దున్నే వెళ్లండి, మధ్యాన్నమైతే దానికి చిరాకు.”

కోనసీమలో ఉన్న ఫోటోగ్రాఫర్లందరూ అడిగేవారు. గంగబాబు అడిగేవాడు కాదు. పాలు కొలిచే మనిషిని తను చోటు అడగాలా? తనే వెతుక్కునేవాడు. వెళ్లేసరికి అక్కడ మెత్తటి నేలా, నాలుగు వానపాములూ ఉండేవి. ఎవరి ఆల్బమ్ తెరిచినా ముందు చెట్లు లెక్కపెట్టేవాడు. ఏడూ ఉంటే ఆ పూట అన్నం సయించేది కాదు. “మాణిక్యంగారు చెప్పిన చోటండి” అని ఎవరైనా అంటే కడుపులో పులిసేది. సోడా తాగేవాడు. ఆవిడ అతనికి చేసిన అపకారం ఏదీ లేదు. అడిగితే చెప్పేదే. ఆ సంగతే అతనికి ఇంకా మంట.

అతని కూతురు గాయత్రికి అమలాపురంలో మాస్టారు ఉదయ్ కిరణ్‌తో పెళ్లి కుదిరింది. ముప్ఫై ఏళ్లలో వందల కుటుంబాలని వరసలో నిలబెట్టిన గంగబాబుకి, తన భార్యా కూతురితో తను నిలబడ్డ మంచి ఫోటో ఒక్కటీ లేదు. ఈ పెళ్లికి అది తీసుకుని హాల్లో పెట్టుకోవాలని అతని ఆశ. గాయత్రిదీ అదే.

“నాన్నగారూ, మా ఫోటోలు మీరే తియ్యాలి. గట్టు మీద తియ్యాలి. చివర్లో అందరం కలిసి ఒకటి. మాణిక్యంగారికి ఒక్క ఫోన్ చెయ్యండి చాలు.”

“చోటు సంగతి నేను చూస్తాను.”

“ఎందుకండీ అంత బెట్టు?” అంది భార్య విజయదుర్గ. “ఆవిడేమన్నా మీ కెమెరా అడిగిందా?”

మూడో రోజు పొద్దున్న విజయదుర్గ పెరటి తలుపు తీసేసరికి ఏడు చెట్ల గట్టు వాళ్ల ఇంటి వెనకే ఉంది. ఎవరూ పిలవలేదు. పిల్ల పెళ్లని దానికి తెలిసింది, వచ్చింది. గాయత్రి చెప్పుల్లేకుండా పరిగెత్తుకెళ్లి దాని మీద కూర్చుంది. అక్కడితో గంగబాబు దణ్ణం పెట్టి ఊరుకుంటే ఈ కథ లేదు.

ఆ వారమే ఊళ్లో భూముల రీసర్వే జరుగుతోంది. సర్వేయరు పై జిల్లా నించి కొత్తగా వచ్చిన మనిషి. గంగబాబు ఎదురెళ్లి కొబ్బరినీళ్లు ఇచ్చేడు.

“ఈ గట్టు పాత మ్యాపులో కనిపించదేమండీ?”

“మా తాతగారి నాటిదండి. ఇంటి స్థలంలో కలిసే ఉంది. అంతా ఒకే నంబరు కింద కొలిచేయండి.”

గట్టుకి విడిగా కాగితం లేదు మరి. ఇంటి కాగితంలో కలిపితే తప్ప తనది కాదు. సర్వేయరు కళ్లకి కనిపించింది కొలిచేడు. ఇంటి ముందు రెండు రాళ్లు, గట్టుకి అవతల రెండు రాళ్లు, లోతుగా పాతించేరు. నాలుగో రాయి దిగుతున్నప్పుడు చెట్లు ఒక్కసారి గలగలమని ఆగిపోయేయి.

మర్నాడు మాణిక్యం ఆటో దిగి గేటు అవతల నిలబడింది.

“గంగబాబుగారూ, అది మీ అమ్మాయి కోసం తనంతట తను వచ్చిందండి. రాళ్లు తీయించెయ్యండి.”

“నా స్థలం, నా రాళ్లు.”

“ఆయ్, మీవేనండి. అందుకే చెబుతున్నాను. ఆబోతుని తెచ్చి ఇంటి స్తంభానికి కట్టరండి ఎవరూ.”

“మీ గేదె అరుస్తున్నట్టుంది, వెళ్లి చూసుకోండి.”

ఆవిడ గట్టు వైపు చూసి చెయ్యి ఊపి ఆటో ఎక్కింది.

గంగబాబు గేటుకి తాళం వేసి, తన పేరుతో బోర్డు పెట్టించేడు. జంటలు వచ్చేయి. కానీ చెట్లు హాజరు పలికే పిల్లల్లా నిటారుగా నిలబడేవి. వాటి కింద పెళ్లికొడుకులూ అలాగే నిలబడేవారు. ఎంత నవ్వించినా ఫోటోలు ఆధార్ కార్డు మీద బొమ్మల్లా వచ్చేవి. గంగబాబుకి ఆ బాధ లేదు. ఏ ఊళ్లో ఎవరు మాణిక్యానికి ఫోన్ చేసినా “కొత్తపేటలోనే ఉందండి, కదల్లేదు” అని ఆవిడ చెప్పాల్సొస్తోంది. అది విని పక్షం రోజులు కడుపునిండా అన్నం తిన్నాడు. తన ఆకు నిండినందుకు కాదు, ఎదుటి ఆకు ఖాళీ అయినందుకు.

ఫోటోలకి శుక్రవారం ముహూర్తం పెట్టుకున్నారు. రెండింటికి ఉదయ్ కిరణ్ తల్లితో వచ్చేడు. విజయదుర్గ కాఫీలు ఇస్తోంది. గాయత్రి చిలకపచ్చ పట్టుచీర కట్టుకుంది. పెద్ద లెన్స్ స్టూడియోలో మరిచిపోయేనని గంగబాబు స్కూటర్ తీసేడు. అరగంటలో తిరిగి వచ్చేసరికి గట్టు లేదు. ఇల్లూ లేదు. నాలుగు రాళ్ల మధ్య ఉన్నదంతా రాళ్లతో సహా వెళ్లిపోయింది. తడి నేల మీద వానపాములు పాకుతున్నాయి.

ఎదురింటి బుచ్చిరాజుగారు అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు.

“ఇందాకే వెళ్లిందండి, దక్షిణంగా. మీ ఆవిడ డాబా మీంచి చెయ్యి ఊపేరు. కాఫీ గ్లాసు ఒకటి మా వాకిట్లో పడింది, తీసి ఉంచేను.”

“ఆపలేదా మీరు?”

“దేన్నండీ?” అన్నారు బుచ్చిరాజుగారు.

గంగబాబు స్కూటర్ తిప్పేడు. అంబాజీపేటలో అడిగితే ముందుకి చూపించేరు. పి.గన్నవరంలో పడమటికి చూపించేరు. మలికిపురం దాకా పోయి కొబ్బరికాయల వర్తకులని అడిగేడు. “ఇటు రాలేదండి. డాబాతో వస్తే తెలియదా?” అన్నారు. అప్పుడు గాయత్రి ఫోన్ చేసింది.

“నాన్నగారూ, మాణిక్యంగారి గుమ్మంలో ఆగేమండి. ఎంత బాగుందో! చెట్లు మళ్లీ వంగేయి. త్వరగా రండి, వెలుతురు ఇంకో గంటే ఉంటుంది.”

“అక్కడ వద్దు. దిగి వచ్చెయ్యండి. వేరే చోట తీస్తాను.”

“ఇల్లు వదిలేసి ఎక్కడికి దిగమంటారండీ?” అంది గాయత్రి. ఇంతలో ఫోను చేతులు మారింది.

“గంగబాబుగారూ, వచ్చేయండి బాబూ. టీ పెట్టేను,” అంది మాణిక్యం.

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే వెళ్లేవాడేమో. టీ పెట్టేనంటే, ఆ గ్లాసు చేత్తో అందుకోవాలి. ఆవిడ అరుగు మీద కూర్చోవాలి. ఫోన్ పెట్టేసి వెనక్కి వచ్చేడు. గన్నవరం అక్విడక్టు వంతెన మీదకి వచ్చేసరికి అయిదయింది. అక్కణ్ణించి లంకకి పదినిమిషాల దారి. స్కూటర్ పక్కకి ఆపి పెద్ద లెన్స్ బిగించి చూసేడు.

గోదావరి పాయకి అవతల గట్టు కనిపించింది. వెనకాల తన డాబా, డాబా మీద నీళ్ల ట్యాంకు. ఏడు చెట్లూ పిల్ల మీదకి వంగి ఉన్నాయి. మాణిక్యం ఏదో అంది. గాయత్రి పొట్ట పట్టుకుని నవ్వింది. ఇరవై మూడేళ్లలో తన కెమెరా ముందు ఆ పిల్ల ఒక్కసారీ అలా నవ్వలేదు. ఆ నవ్వు చూసి సంతోషించాల్సిన తండ్రి, నవ్వించిందెవరో చూసేడు. కాళ్లు అక్కడే పాతుకుపోయేయి.

అందరూ వరసగా నిలబడ్డారు. విజయదుర్గ పిల్ల పక్కనించి ఒక మనిషి పట్టేంత ఎడంగా జరిగి, రోడ్డు వైపు చూసింది. అలా చాలాసేపు చూసింది. పొద్దు కొబ్బరాకుల కిందకి దిగింది. ఉదయ్ కిరణ్ తన ఫోను మాణిక్యం చేతిలో పెట్టి, ఎక్కడ నొక్కాలో చూపించేడు. ఆవిడ పైటచెంగుతో వేలు తుడుచుకుని నొక్కింది. పదినిమిషాల దూరంలో కోనసీమకెల్లా పెద్ద లెన్స్ పట్టుకుని గంగబాబు అదంతా చూసేడు. వెలుతురు పోయేదాకా చూసేడు.

పెళ్లి బాగానే జరిగింది. ఇల్లు మాత్రం మళ్లీ ఒకచోట నిలవలేదు. రాళ్లు పీకిద్దామని సర్వే ఆఫీసు చుట్టూ తిరిగేడు. ఇల్లూ గట్టూ ఒకే నంబరు, విడదీయాలంటే ఉన్నచోట ఉంచి కొలవాలన్నారు. అది ఉన్నచోట ఉండదు. రోజూ స్టూడియో కట్టేసి మాణిక్యానికి ఫోన్ చేస్తాడు.

“అక్కా, మా ఇల్లు ఇవాళ ఎక్కడుందండీ?”

“ఓడలరేవు వైపుందండి, పొద్దుండగానే వెళ్లండి,” అంటుంది. ఒక్కనాడూ విసుక్కోలేదు.

హాల్లో గోడకి ఆ ఫోటో ఉంది. మళ్లీ అందరూ నిలబడి తీసుకోవచ్చుగా అంటారు మీరు. రెండుసార్లు తీసుకున్నారు. గంగబాబు వచ్చి నిలబడగానే చెట్లు నిటారుగా అయిపోయేయి, మనుషులు బొమ్మలైపోయేరు. గోడకి పెట్టుకోదగ్గది మాణిక్యం తీసిందొక్కటే. చుట్టాలు దాని ముందు ఆగుతారు.

“ఎంత బాగుందండీ! మీరే తీసేరా?”

“కాదండి, మాణిక్యంగారు.”

“మరి ఇంత బాగా తీసి, మధ్యలో ఈ ఖాళీ ఎందుకు వదిలేరండీ ఆవిడ?”

“అది నా చోటండి,” అంటాడు గంగబాబు. వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాలి.