ఇనుము తగిలిన పుట్ట

ముందుగా ఒక మాట. అక్షరాలు నాకు మనవలు పుట్టాక వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు ఇంకా పూర్తిగా నా మాట వినవు. తప్పులుంటే సరిచేసుకుని చదవండి. ఒక్క కాగితం నింపడానికి నాకు ఒక పూట పడుతుంది, కాబట్టి కథ కూడా నా నడకలాగే నడుస్తుంది.

సూరత్ నుంచి వస్తే పల్సానా దాటాక, చెరుకు తోటల అంచున ఒక మరమగ్గాల షెడ్డు ఉంది. ఇక్కడ మగ్గాన్ని సాంచా అంటారు. షెడ్డు వెనక సేఠ్ కట్టించిన గదుల వరసలో ఉండేదంతా మన పద్మశాలీలే. చివరి గదిలో ఆగయ్య, అతని భార్య అనంతలక్ష్మి ఉండేవారు. ఆ గదికీ చెరుకు తోటకీ మధ్య నడుమెత్తు పుట్ట ఒకటి ఉండేది.

అందులో పాము లేదు. చెదలు ఉన్నాయి. రాత్రిపూట అవి తోటలోకి పోయి ఎండిన చెరుకాకు, కోతకు మిగిలిన మోడు, ఏది దొరికితే అది కొరికి తెచ్చుకుంటాయి. తెచ్చింది తెచ్చినట్టు తినవు. నమిలి, పుట్ట లోపల తేనెతుట్టె లాంటి గూళ్లు కట్టి, వాటిమీద తెల్లటి బూజు పెంచుతాయి. మనం వరి పండించుకున్నట్టే, ఆ బూజు వాటి పంట. తొలకరి పడగానే ఆ బూజే మన్ను చీల్చుకుని పైకి వచ్చి పుట్టగొడుగులవుతుంది.

ఆ గొడుగులు కోసే హక్కు వరసలో లలితమ్మది. ఎవరో ఇచ్చింది కాదు, ఆమె అందరికంటే ముందు వచ్చి ఆ పుట్ట పక్కన పొయ్యి పెట్టింది గనక. వెదురు బద్దతో కోస్తుంది, ఇనుము తగలనివ్వదు. కోసినవి వండి ప్రతి గదికీ ఒక గిన్నె పంపుతుంది. కిందటి హోలీ తర్వాత ఆగయ్య దవాఖానలో పడి ఉన్నప్పుడు అనంతలక్ష్మికి పూటపూటకీ అన్నం పెట్టింది కూడా ఆమే.

ఆగయ్యకు జరిగింది ఇది. సాంచా బెల్టు అతని కుడిచేతిని మోచేతి దాకా లోపలికి లాక్కుంది. ఎముకలు అతుక్కున్నాయి. వేళ్లు మాత్రం ముడుచుకోలేదు. నరం తెగింది, వస్తే వస్తుంది, లేకపోతే లేదన్నాడు డాక్టరు. సేఠ్ చెడ్డవాడు కాదు. తొలకరి తర్వాత వచ్చే కొత్త నెల దాకా చూస్తానన్నాడు. అప్పటికి చెయ్యి పనికొస్తే సాంచాలూ గదీ ఆగయ్యవే. లేకపోతే రెండూ ఒరిస్సా నుంచి వచ్చే కొత్త పనివాడివి.

అనంతలక్ష్మి రోజూ సాయంత్రం భర్త అరచేతిలో దారం చుట్టే బాబిన్ ఒకటి పెట్టేది. "పట్టుకో" అనేది. బాబిన్ నేలమీద పడేది. ఆమె మళ్లీ తీసి పెట్టేది. ఊరికే పడిందా, ఒక్క క్షణం ఆగి పడిందా అని చూసేది. ఒక్కోరోజు ఆగినట్టే అనిపించేది.

సాంచాలు బాగుచేసే రాంప్రసాద్ ఒకరోజు టీ తాగడానికి వచ్చి ఆ ఆట చూశాడు.

"వదినా, బాబిన్‌తోటి ఏమైతది గని, మా ఊళ్లె నడక రాని పోరగాండ్లకు చెదల పుట్టల ఉండే రాణిని మింగిస్తరు. పానంతోటి ఉన్నదాన్ని. తెల్లారి లేచి ఉరుకుతరు."

"నిజమేనా?"

"మా మేనమామ కొడుకు గట్లనే లేచిండు. గిప్పుడు కబడ్డీ ఆడుతున్నడు."

"ముందు నువ్వు మింగు రాంప్రసాద్," అన్నాడు ఆగయ్య. "నీ బుర్ర లేస్తదేమో చూద్దం."

మగవాళ్లిద్దరూ నవ్వారు. అనంతలక్ష్మి నవ్వలేదు. ఆమె గుమ్మంలోంచి పుట్టవైపు చూస్తోంది.

తొలకరి పడిన మర్నాడు పొద్దున్నే ఆమె షెడ్డు వెనకనుంచి గడ్డపార తెచ్చుకుంది. పుట్టమీద అప్పటికే గొడుగులు తెల్లగా పొడుచుకొచ్చాయి. లలితమ్మ గిన్నె, వెదురు బద్ద పట్టుకుని వస్తూ గడ్డపారను చూసి ఆగింది.

"ఏందే పిల్లా, గా గడ్డపార పట్టుకున్నవు?"

"పక్కకు జరుగు అత్తా."

"ఇనుము తగిలితె మల్ల గొడుగు లేవదే. ఇన్నేండ్లు తిన్నవు, ఎర్కలేదా?"

"నాకు గొడుగులొద్దు. రాణి గావాలె."

లలితమ్మకు అర్థమైంది. "ఆ రాంప్రసాద్ చెప్పిండా? వాడు బాగు జేసిన సాంచాలే సక్కగ నడవయి, వాడు చేతులు నడిపిస్తడా?"

"నీ మొగడైతె గిట్లనే మాట్లాడుతువా?"

"నా మొగడు సచ్చిపోయె. ఉంటె గూడ పురుగును మింగియ్యకపోదును."

అనంతలక్ష్మి గడ్డపార ఎత్తి మొదటి పోటు పొడిచింది. పైన ఉన్న గొడుగులు తలలు తెగి పడ్డాయి. లలితమ్మ గిన్నె వదిలేసి పుట్టమీద పడి రెండు చేతులతో కావిలించుకుంది. అనంతలక్ష్మి ఆమె జుట్టు పట్టి లాగింది. లలితమ్మ ఆమె మణికట్టు కొరికింది, వదల్లేదు. బురదలో ఇద్దరూ దొర్లారు. అనంతలక్ష్మి ముందు లేచింది. లలితమ్మ మళ్లీ పాకి పుట్టమీద చెయ్యి వేసింది. గడ్డపార ఆ చేతిమీద దిగింది.

కావాలని కొట్టిందా, జారిందా అని ఆ తర్వాత చాలామంది అడిగారు. జారలేదు. ఆ సంగతి అనంతలక్ష్మికి తెలుసు.

లలితమ్మ అరవలేదు. విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని, పక్కకు జరిగి కూర్చుంది. అనంతలక్ష్మి ఆమెవైపు చూడకుండా తవ్వింది. ఇప్పుడు ఆపితే ఆ చెయ్యి ఊరికే విరిగినట్టవుతుందనుకుంది.

పుట్ట లోపల వేడిగా ఉంది, పులిసిన పిండి వాసన వచ్చింది. బూడిదరంగు తుట్టెలు ఒకదానికింద ఒకటి బయటపడ్డాయి. వాటిమీద తెల్లటి బొడిపెలు ఆవగింజల్లా అంటుకుని ఉన్నాయి. ఆమె వాటిని గుప్పిళ్లతో పెరికి విసిరేసింది. పెద్ద తలల చెదలు ఆమె వేళ్లమీదికి ఎగబడ్డాయి. కొరికితే వదలవవి. పట్టి లాగితే ఒళ్లు ఊడి వచ్చింది, తల చర్మంలోనే ఉండిపోయింది. నెత్తురు మోచేతుల దాకా కారింది.

అంతలో చెరుకు మొదళ్లలోంచి నల్ల గండుచీమలు తాడులా బారులు తీరి వచ్చాయి. కూలిన గూటిని ఎట్లా పసిగట్టాయో, నేరుగా లోపలికి దిగాయి. చెదలు దారులకు అడ్డం నిలబడి కరిచాయి. చీమలు వాటి కాళ్లు లాగి, కడుపుల్లో ముల్లు దింపి, ఒక్కొక్కటి రెండు మూడింటిని నోట కరుచుకుని వెనక్కి మళ్లాయి. పిల్లల్ని మోస్తూ పారిపోయే చెదల్ని పిల్లలతో సహా ఎత్తుకుపోయాయి. అనంతలక్ష్మి చీమలకంటే ముందు అడుగుకు చేరాలని చేతులతోనే మన్ను తోడింది.

అడుగున బన్ను అంత గట్టి మట్టి ముద్ద దొరికింది. పగలగొట్టింది. లోపల బొటనవేలంత తెల్లటి రాణి, కదల్లేక, ఒళ్లంతా అలలు అలలుగా కొట్టుకుంటోంది. ఆమె దాన్ని టిఫిన్ డబ్బాలో వేసి మూత పెట్టింది. అప్పటికి వరసలోని ఆడవాళ్లు పరుగున వచ్చి లలితమ్మను ఆటో ఎక్కిస్తున్నారు.

గదిలో ఆగయ్య ఎడమచేత్తో పళ్లు తోముకుంటున్నాడు. "చేతులకేందే గంత నెత్తురు?"

"నాదే. నువ్వు గూసో. నోరు దెరువు."

ఆమె మూత తీసింది. ఆగయ్య చాలాసేపు చూశాడు. "గీ రాంప్రసాద్ మాట నమ్మినవా?" అన్నాడు మెల్లగా. కానీ అతని చూపు డబ్బా మీదినుంచి పోలేదు. ఆశ అతనికీ ఉంది.

అప్పుడే లలితమ్మ మనవడు ప్రణయ్ గుమ్మంలోకి వచ్చాడు. సూరత్‌లో సలాబత్‌పురా బజారులో చీరల పార్సిళ్లు కట్టే పని అతనిది, ఆ పూట ఇంకా బయలుదేరలేదు. చేతిలో సాంచాలో పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడెను కొట్టే కర్ర ఉంది.

"కాకా, పక్కకు జరుగు. కాకీతోని లెక్క ఉంది."

"ఏమైంది బిడ్డా?"

"పూఛో ఉస్‌కో. మా అమ్మమ్మ చెయ్యి తోడ్ దియా. గడ్డపారతోని."

ఆగయ్య భార్యవైపు తిరిగాడు. ఆమె కాదనలేదు. డబ్బాను మాత్రం రొమ్ముకు అదుముకుంది. ప్రణయ్ కర్ర ఎత్తాడు. ఆగయ్య మధ్యకు వచ్చి, ఎడమచేత్తో తన కుడిచేతిని ఎత్తి గడప చెక్కమీద పరిచాడు.

"దీన్ని కొట్టు. చేతికి చెయ్యి. ఆమెను ముట్టకు."

"హట్ జావ్ కాకా."

"కొట్టు బిడ్డా. ఎట్లైన ఇది ఊకెనే ఉన్నది."

ఆ చివరి మాటకు ప్రణయ్‌కు కోపం ఇంకా రేగింది. కొట్టాడు. చెరుకుగడ విరిచినట్టు శబ్దమైంది. వేళ్లలో రెండు పక్కకు ఒరిగిపోయాయి.

అనంతలక్ష్మి భర్త ముఖం చూసింది. ఇన్ని నెలలూ ఆమె ఎదురుచూసింది ఒక్క కదలిక కోసం. ఇప్పుడు ఒక్క "అబ్బా" చాలు. నొప్పి ఉంటే నరం ఉన్నట్టే.

ఆగయ్య తన చేతిని ఇంకొకరి చేతిని చూసినట్టు చూస్తున్నాడు. "ఇంకొకటి కొట్టు," అన్నాడు. "జర గట్టిగ."

"దుఖ్తా నహీ క్యా? నొస్తలేదా?" అని అడిగాడు ప్రణయ్.

"లేదురా. కొట్టు."

ప్రణయ్ కర్ర కింద పడేశాడు. గోడకు ఆనుకుని నేలమీద కూలబడ్డాడు. ఆగయ్య తనే కర్ర ఎడమచేత్తో తీసుకుని, విరిగిన వేళ్లమీద కొట్టుకున్నాడు. మళ్లీ కొట్టుకున్నాడు. నెత్తురు గడపమీదికి పారింది గానీ అతని కనురెప్ప కూడా అదరలేదు. అనంతలక్ష్మి వచ్చి ఆ కర్రను గుంజుకునే దాకా ఆపలేదు.

ఆమె డబ్బా తీసుకుని బయటికి పోయి వాకిట్లో బోర్లించింది. రాణి మన్నులో పడి కొట్టుకుంది. చీమల బారులోంచి ఒకటి పక్కకు తిరిగింది, దాని వెనక పది తిరిగాయి. చీల్చడం మొదలయ్యాక కూడా ఆమె అక్కడే నిలబడింది, అయిపోయే దాకా. తర్వాత, ఇక కొత్త నెల దాకా ఆగే పని లేదన్నట్టు, లోపలికి వచ్చి తాడుమీది బట్టలు లాగి మూట కట్టడం మొదలుపెట్టింది.

"మూట మల్ల గట్టొచ్చు," అన్నాడు ఆగయ్య, చేతికి తువ్వాలు చుట్టుకుంటూ. "ముందు దవాఖానకు నడువు."

ప్రణయ్ బైక్ తీశాడు. ముగ్గురూ దానిమీదే పోయారు.

లలితమ్మ చేతికి పిండికట్టు వేసి, మంచంమీద పడుకోబెట్టారు. ఆమె ఆగయ్య చేతికి చుట్టిన తువ్వాలును చూసింది, మనవడి ముఖం చూసింది. ఏమైందో ఎవరూ చెప్పకుండానే ఆమెకు అర్థమైంది.

"చెయ్యి నొచ్చిందా, ఆగయ్యా?" అని అడిగింది.

"లేదు చిన్నమ్మా."

లలితమ్మ కళ్లు మూసుకుంది. కాసేపటికి గోడవైపు తిరిగింది. అనంతలక్ష్మి మంచం కాళ్ల దగ్గర నిలబడింది. చీకటి పడినా అక్కడే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు, పొమ్మని కూడా అనలేదు.

దూస స్వరాజ్యం, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉండేది బార్డోలీలో, చిన్నబిడ్డ ఇంట్లో.