మూడువందల పది డిగ్రీలు

ఇంట్లో ఆమెను చిన్నది అంటారు. నలభై రెండేళ్ళొచ్చినా, చెంపలు నెరిసినా ఆ పిలుపు వదల్లేదు. అక్క కూడా అదే ప్రయోగశాలలో పనిచేసేది కాబట్టి, ఆ పిలుపు ఆమె వెనకాలే గేటు దాటి లోపలికొచ్చి, చివరికి పాసులిచ్చే గుమాస్తా నోట్లో కూడా పడింది. మనమూ చిన్నది అనే అందాం. ఆమె ఏమీ అనుకోదు.

ఆ రోజు ఉదయం ఎనిమిదింటికి న్యూట్రాన్ హాల్లో అడుగుపెట్టేసరికి చిన్నదానికి మిగిలింది పది గంటలు. సాయంత్రం ఆరింటికి రియాక్టరు ఆపేస్తారు. మరమ్మతుకు కాదు, మొత్తానికే. సగం పరికరాలకు అప్పటికే ప్లాస్టిక్ ముసుగులు తొడిగేశారు. గోడల మీద పటాలు తీసేసినచోట తెల్లటి చదరాలు మిగిలాయి. ఆ పది గంటల్లో ఆమె అక్క పేరు మీద పడ్డ మచ్చ తుడిచెయ్యాలి. ఇంకో రియాక్టరులో చోటు దొరకాలంటే ఏళ్ళు పడుతుంది, పోయినవాళ్ళ స్ఫటికానికి చోటిచ్చేదెవరు?

అక్క స్ఫటికాలు పెంచేది. కరిగిన ముద్దను కొలిమిలో గంటకు వెంట్రుకవాసి చొప్పున కిందికి దించుతూ, నెలల తరబడి కాపలా కాసి, చివర్లో బొటనవేలంత రాయి బయటికి తీసేది. అలాంటి ఒక స్ఫటికాన్ని గడ్డకట్టే చలికి కూడా అందనంత చల్లబరిచి న్యూట్రాన్లతో కొడితే, గ్రాఫులో ఒకచోట చిన్న పీక్ లేస్తుందని ఆరేళ్ళ కిందట రాసింది. వేరే ప్రయోగశాల వాళ్ళు మాకు కనబడలేదన్నారు. అక్కడితో ఊరుకోక, ఆవిడ వాడింది ఒక్క స్ఫటికం కాదు, రెండు ముక్కలు అతుక్కున్న రాయి, ఆ పీక్ అతుకు చేసిన మాయ అని అచ్చేశారు. నిప్పులాంటి మనిషి అక్క. మళ్ళీ కొలిచి చూపిద్దామంటే పాత స్ఫటికం పగిలిపోయింది. కొత్తది కొలిమిలో పెట్టింది. అది పెరుగుతుండగానే జ్వరం పట్టుకుంది. ఆస్పత్రి మంచం మీద కూడా "కొలిమి ఎంతలో ఉందే?" అనే అడిగేది. ఆవిడ పోయిన మర్నాడు చిన్నదే కొలిమి తెరిచి ఆ స్ఫటికాన్ని బయటికి తీసింది. అక్క దాన్ని కళ్ళతో చూడలేదు, చేత్తో తాకలేదు.

తాకడం మాట ఎందుకంటే, అక్కకో అలవాటుండేది. ఏ స్ఫటికాన్నైనా చల్లటి గొట్టంలోకి దించేముందు పది నిమిషాలు గుప్పిట్లో పట్టుకుని కూచునేది. "పిల్ల ఝడుసుకుంటుందే" అనేది. శాస్త్రం చదువుకున్న మనిషివి, ఇదేం చాదస్తం అని చిన్నది ఏడిపించేది. నిన్న ఈ స్ఫటికాన్ని తను పట్టకారుతోనే పట్టి బిగించింది.

నిన్నటి పని దివ్యంగా సాగింది. శక్తి మారకుండా చెదిరి వచ్చే న్యూట్రాన్లను ముందు లెక్కపెట్టింది. స్ఫటికంలో అణువుల వరసలు ఎలా ఉన్నాయో చెప్పేవి అవి. అతుకు ఉంటే రెండు పీకులు రావాలి. సూదిమొనలా ఒక్కటే వచ్చింది. ఒక్క స్ఫటికమే, సందేహం లేదు. తర్వాత గొట్టాన్ని చల్లబరిచి, థర్మామీటరు నాలుగు డిగ్రీలు చూపించాక (కెల్విన్ లెక్కలో నాలుగంటే చలికి అట్టడుగు) రెండో కొలత యంత్రానికి అప్పగించి ఇంటికెళ్ళింది.

ఇప్పుడు తెర మీద గ్రాఫు చూసి అలాగే నిలబడిపోయింది. పీక్ ఉండకూడని వైపు పీక్ ఉంది.

దీని సంగతి అక్క ఆమెకు చిన్నప్పుడే చెప్పింది. న్యూట్రాన్లు స్ఫటికానికి చుట్టాల్లాంటివి. వచ్చినట్టే వెళ్ళిపోయేవి కొన్ని. తమ శక్తిలో కొంత ఇంట్లో ఇచ్చి వెళ్ళేవి కొన్ని. ఇంట్లోంచి కొంత పట్టుకుపోయేవి కొన్ని. లోపల అణువులు వేడికి ఊగుతుంటేనే పట్టుకుపోవడానికేమైనా ఉంటుంది. నాలుగు డిగ్రీల చలిలో ఇల్లు ఖాళీ. అప్పుడు స్ఫటికం తీసుకుంటుందే తప్ప ఇవ్వదు.

ఇది ఇస్తోంది. ఉదారంగా ఇస్తోంది.

చిన్నది, హాల్లో అందరూ అనుమానం మాస్టారనే ఆయన్ని పిలిచింది. ఆ పరికరం బాధ్యత ముప్పై ఏళ్ళుగా ఆయనదే. ఏ పీకునూ మూడు పరీక్షలు పెట్టనిదే నమ్మడు. సొంత పెళ్ళి శుభలేఖలో తారీఖు కూడా రెండుసార్లు సరిచూసుకున్నాడని హాల్లో చెప్పుకుంటారు.

"దొంగ పీకే అయ్యుంటుంది చిన్నమ్మాయ్," అన్నాడాయన కళ్ళజోడు సర్దుకుంటూ. "క్రిస్టల్‌ని కాస్త తిప్పు. దొంగదైతే పారిపోతుంది."

తిప్పింది. పారిపోలేదు. న్యూట్రాన్ల శక్తి మార్చి చూశారు, పీక్ కదల్లేదు. స్ఫటికాన్ని న్యూట్రాన్ల దారికి అడ్డం లేకుండా దించితే పీక్ మాయమైంది, పైకెత్తితే తిరిగొచ్చింది. మాస్టారు గడ్డం గోక్కుని, ఆమె నిన్న రాసుకున్న పుస్తకం తెరిచి, ఒక వరస మీద వేలు పెట్టాడు.

"గ్యాసు వదిలావా?"

గొట్టంలో గాలంతా లాగేశాక చిటికెడు హీలియం వదలాలి. ఆ గ్యాసే స్ఫటికంలోని వేడిని మోసుకెళ్ళి చల్లటి గోడకి అప్పజెబుతుంది. అది వదలకపోతే గోడ చల్లబడుతుంది, గోడకున్న థర్మామీటరు నాలుగు చూపిస్తుంది, మధ్యలో వేలాడే స్ఫటికం మాత్రం వెచ్చగానే ఉండిపోతుంది. పుస్తకంలో ఆ వరస పక్కన టిక్కు లేదు.

"మర్చిపోయానండి," అంది.

"పోనీలే, అంతేగా. ఇప్పుడు వదిలెయ్. చల్లబడ్డానికి రెండు గంటలు, కొలవడానికి ఐదు. పదకొండు దాటకుండా చూసుకో." ఆయన ఊపిరి పీల్చుకుని టీ తాగడానికి వెళ్ళాడు.

చిన్నది వాల్వు మీద చెయ్యి వేసి ఆగింది. శక్తి ఇచ్చే న్యూట్రాన్లకీ పట్టుకుపోయేవాటికీ నిష్పత్తి తెలిస్తే స్ఫటికం అసలు వేడి ఎంతో లెక్కగట్టొచ్చు. ఊరికే, తప్పు ఎంతదో రాసుకుందామని లెక్క వేసింది. నూటికి ముప్పై తొమ్మిది. అంటే మూడువందల పది డిగ్రీలు. మామూలు లెక్కలో ముప్పై ఏడు.

హాలు వేడి ఎప్పుడూ ఇరవై రెండే. అక్కడున్న ఏ వస్తువూ ముప్పై ఏడు ఉండదు, మనుషులు తప్ప.

లెక్క తప్పనుకుంది. మళ్ళీ వేసింది. మూడువందల పదే. రాత్రంతా యంత్రం గంటకొకటి చొప్పున దాచిన కొలతలు ఒక్కొక్కటే తెరిచింది. చల్లటి గోడల మధ్య వేలాడే రాయి గంటగంటకూ కొంచెమైనా చల్లారాలి. రాత్రి ఏడింటికి మూడువందల పది. తొమ్మిదింటికి మూడువందల పది. అలాగే తెల్లవారుజాము నాలుగింటిదాకా. ఒంట్లో ప్రాణం ఉన్నట్టు.

చిన్నదానికి భయం వేసింది. దాని వెనకే, భయం కన్నా పెద్దగా, సంతోషం వేసింది. చుట్టూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, ఇనప గొట్టానికి అరచెయ్యి ఆనించింది. బయటికి ఏ వెచ్చదనమూ తెలియలేదు.

"అక్కా," అంది.

గడియారం పదీ ఇరవై అయింది. వాల్వు తిప్పితే ఈ వెచ్చదనం పోతుంది. తిప్పకపోతే అక్క మీద పడ్డ మాట అలాగే ఉండిపోతుంది, సాయంత్రం ఆరు తర్వాత దాన్ని తుడవడం ఎవరి వల్లా కాదు. పేరు ఎవరికి కావాలి, మనిషే దొరికాక? అనిపించింది. ఇంకో గంట చూద్దాం అనుకుంది. ఆ గంట పోతే అంతా పోయినట్టేనని తెలిసి కూడా కుర్చీ లాక్కుని కూచుంది.

అప్పుడు పొద్దుటి కొలతలు తెరిచింది. ఐదింటికి మూడువందల పదకొండు. ఏడింటికి పన్నెండు. ఇప్పుడు, ఆమె చూస్తుండగా, పదమూడు దగ్గర్లో.

ఈ అంకెలను చిన్నది ఇంతకుముందు చూసింది. ఆస్పత్రి మంచం కాళ్ళవైపు తగిలించిన అట్టమీద, నర్సు నీలం సిరాతో రాసిన వరసలో. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. ఆ రోజు తడిగుడ్డ పిండి అక్క నుదుట వేస్తూనే ఉంది. వేసిన నిమిషానికే గుడ్డ వెచ్చబడిపోయేది. "మండిపోతోందే చిన్నదానా, చల్లగా ఏదైనా చెయ్యవే," అంది అక్క. అవే ఆవిడ ఆఖరి మాటలు. చిన్నది ఏమీ చెయ్యలేకపోయింది. ఎనిమిది నెలలుగా ఆమెను తొలిచేస్తున్న మాట అదే. మచ్చ సంగతి పైకి చెప్పుకునేది.

ఆమె లేచి వాల్వు తిప్పింది.

హీలియం లోపలికి వెళ్ళే చప్పుడు వినబడేంత పెద్దది కాదు. అయినా ఆమెకు ఎవరో గట్టిగా ఊపిరి వదిలినట్టు వినబడింది. తెర మీద స్ఫటికం ఇచ్చే వైపు లెక్క తగ్గడం మొదలెట్టింది, దాంతోపాటే వేడీ దిగింది. మూడువందలు. రెండువందల ఎనభై. చిన్నది ఏడుస్తూనే ప్రతి అంకెనూ పుస్తకంలో రాసింది. వేడి వంద దిగాక ఆ వైపు న్యూట్రాన్లు ఎప్పుడో ఒకటీ అరా వచ్చాయి. ఒంటిగంటకు అవీ ఆగిపోయాయి. మాస్టారు వచ్చి ఆమె పక్కన గ్లాసుడు టీ పెట్టి వెళ్ళాడు.

నాలుగున్నరకి, స్ఫటికం తీసుకునే వైపు, అక్క ఆరేళ్ళ కిందట చెప్పినచోట చిన్న పీక్ లేచింది. మాస్టారు మూడు పరీక్షలూ పెట్టాడు. మూడింటికీ నిలబడింది.

"ఉంది," అన్నాడాయన. ఆ మాట ఆయన నోట రావడం ఆ హాల్లో ఎవరూ విని ఉండరు. పుస్తకం ముందుకు లాక్కుని, "రాత్రి కొలతలు కొట్టెయ్యమంటావా? గ్యాసు లేనివి" అని అడిగాడు.

"ఉంచండి. నేను మర్చిపోయానని రాశాను. మూడువందల పదీ రాశాను, పదమూడూ రాశాను."

మాస్టారు ఆ వరస రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవబోయి పుస్తకం మూసేశాడు. ఆరింటికి రియాక్టరు ఆగింది.

న్యూట్రాన్లు తగిలిన రాయిని వెంటనే ముట్టుకోనివ్వరు. పదో రోజున రక్షణ విభాగం మనిషి రేడియేషన్ మీటరు ఆనించి చూసి, ఇంక ఫరవాలేదని సంతకం పెట్టి ఇచ్చాడు. ఖాళీ అయిన హాల్లో ఒక కుర్చీ మిగిలి ఉంటే, చిన్నది అందులో కూచుని స్ఫటికాన్ని గుప్పిట్లోకి తీసుకుంది. చల్లగా తగిలింది. పది నిమిషాలు చాలు అనుకుంది.

పది నిమిషాలైనా అది వెచ్చబడలేదు. అరగంటకు ఆమె వేళ్ళు చల్లబడ్డాయి, తర్వాత మణికట్టు. ఏ రాయైనా ఈపాటికి ఒంటి వేడికి రావాలని ఆమెకు తెలుసు. ఇది మాత్రం తీసుకుంటూనే ఉంది.

పుట్టినప్పటి నుంచీ అక్క దగ్గర తీసుకున్నది తనే. చదువు, కొలువు, చలికాలంలో దుప్పటిలో సగం కన్నా ఎక్కువ.

"తీసుకో," అంది చిన్నది. రెండో చెయ్యి కూడా పైన వేసి గుప్పిట మూసింది. మధ్యాహ్నం హాలు తాళం వెయ్యడానికి మాస్టారు వచ్చేసరికి ఆమె ఇంకా అక్కడే కూచుని ఉంది.