ఊతలు తీసిన గుమ్మటం

మా మసీదుకు గుమ్మటం ఎందుకు లేదని కొత్తగా వచ్చిన ప్రతివాడూ అడుగుతాడు. అడగనీ, నోరుంది కదా. వాకాడు దాటి సముద్రం వైపు వస్తే మా తట్టు పాత మసీదులన్నీ ఇంతే. రాతి స్తంభాలు, వాటి మీద రాతి పలకలు, చదునైన కప్పు, మూలల్లో మనిషెత్తు మినార్లు. స్తంభాలకు తామర మొగ్గలూ గొలుసులూ చెక్కి ఉంటాయి. దేవళాల మండపాలు కట్టిన చేతులే ఇవీ కట్టాయి, బొమ్మలు మాత్రం చెక్కలేదు. నాకైతే అందులో లోటేమీ కనిపించలేదు. కనిపించింది మా ఆయనకు.

మా ఆయన షావలి మేస్త్రీ. పెళ్ళికి ముందు గోలకొండ సమాధులకు మరమ్మతులు చేసే ముఠాతో పోయి కొన్నాళ్ళు ఉండి వచ్చాడు. వచ్చినప్పటి నుంచీ అదే గోల. అక్కడ గుమ్మటం మొదలు చుట్టూ తామర రేకులు విచ్చుకుని ఉంటాయట. బిజాపూరు గుమ్మటం కింద ఈ గోడ దగ్గర గుసగుసలాడితే ఆ గోడ దగ్గర వినబడుతుందట. అన్నం పెడితే ముద్దను కూడా గుమ్మటంలా చేసి చూపించేవాడు. చల్లారిపోతుంది తినవయ్యా అని కసిరేదాన్ని. నవ్వేవాడు. ఆ నవ్వంటే నాకు ప్రాణం, అదే నా ఖర్మ.

చైనా యుద్ధం అయిన మరుసటేడు, మద్రాసులో తోళ్ళ వ్యాపారం చేసే దరియావలి సాయిబు ఊరికి వచ్చి మసీదుకు గుమ్మటం కట్టిద్దామన్నాడు. ఢిల్లీ మసీదు బొమ్మ ఉన్న క్యాలెండరు తెచ్చి, ఇట్లాంటిదే కావాలన్నాడు. ఢిల్లీది వద్దు, గోలకొండది కడతానని మా ఆయన పట్టుబట్టాడు. ఏ ఊరి గుమ్మటమని ఇద్దరూ గంటలకొద్దీ వాదించుకున్నారు గాని, దాన్ని మోసేదేదని ఒక్కరూ అడగలేదు.

నడిమి పలకలు దించేశారు. నాలుగు స్తంభాల మీద కమానులు తిప్పి, వాటి మీద ఇటుక లేపారు. గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపింది మేం ఆడవాళ్ళమే. పని అయ్యేదాకా బరువు ఆపడానికి లోపల తాటి మొద్దులు ఊతలుగా నిలబెట్టారు. గుమ్మటం లేచేకొద్దీ ఊరంతా తల పైకెత్తి చూసింది. నేను కిందికి చూశాను. మా పుట్టింటివాళ్ళదీ ఇదే పని. రాతి పలక బరువు తిన్నగా కిందికి దిగుతుంది. గుమ్మటం అట్లా కాదు, పక్కలకు తోస్తుంది. గోలకొండలో ఆ తోపును కాసుకోవడానికి ఏనుగంత మందం గోడలున్నాయని చెప్పింది ఆయనే. ఇక్కడేమో ఇసుకలో దిమ్మెల మీద నిలబెట్టిన ఒంటి స్తంభాలు.

సముద్రం వైపు కమాను మీద వెంట్రుకంత పగులు కనిపించింది. పగులు మీద సున్నం పట్టీ వేసి చూడటం మా వాళ్ళ అలవాటు. పట్టీ నిలిస్తే కట్టడం కుదురుకున్నట్టు, చిట్లితే ఇంకా కదులుతున్నట్టు. నేనే వేశాను. తెల్లారేసరికి చిట్లింది. మళ్ళీ వేశాను, మళ్ళీ చిట్లింది. ఆ తర్వాత ఒక పొద్దున చూస్తే పట్టీ నున్నగా ఉంది. వేలు పెట్టి చూశాను. తడి. నాకంటే ముందే వచ్చి ఎవరో పూసి పోయారు. ఎవరో ఏంది, ఆయనే.

అడిగితే, సున్నం ఆరేటప్పుడు బీటలివ్వదా, నువ్వు నాకు పని నేర్పుతావా అన్నాడు. ఆ మాట అనేటప్పుడు నా ముఖం చూడలేదు.

ఊతలు తీసే రోజున, కట్టిన మేస్త్రీ ఒక్కడే గుమ్మటం కింద కూర్చోవాలి. మా ఇళ్ళల్లో అది తాతల నాటి కట్టుబాటు. ఆయన కూర్చున్నాడు. మొద్దులు ఒక్కొక్కటే లాగి లోపలి గోడకు చేర్చారు. నేను బయట కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. ఏమీ కాలేదు. దరియావలి సాయిబు ఆయనకు శాలువా కప్పాడు, కుర్రకారు భుజాలకెత్తుకుంది. ఒక మనిషి కాసేపు కూర్చుని ప్రాణాలతో లేచి వచ్చాడు, ఇంక ఊరికి దిగుల్లేదు. నాకు అప్పుడే అసలు భయం పట్టుకుంది. వచ్చే శుక్రవారం ఊళ్ళో మగవాళ్ళంతా దాని కింద నిలబడతారు. మొదటి వరసలో నా కొడుకులిద్దరూ ఉంటారు.

గురువారం తూర్పుగాలి తిరిగింది. మిగిలిన చెత్త ఎత్తడానికి పోయినప్పుడు లోపల చాపల మీద ఎర్రటి ఇటుక పొడి రాలి ఉంది. గాలి వీచినప్పుడల్లా గుమ్మటం మూలుగుతోంది. పట్టీ నిలువునా చీలింది. పగుల్లో నా వేలు దూరింది.

నమాజు చేయించే మౌలా సాయిబుతో చెప్పాను. నీ మొగుడే కట్టి, నీ మొగుడే కింద కూర్చున్నాక నీకేం అనుమానమమ్మా అన్నాడు. సరే, వినేవాడికి కదా చెప్పడం.

శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు పిలిచే బాంగు కాకముందే పోయి మసీదు గడప మీద అడ్డంగా కూర్చున్నాను. మా ఊళ్ళో ఏ ఆడదీ అట్లా కూర్చోలేదు. నన్ను తొక్కి పోయేవాళ్ళు పోండి అన్నాను. మగవాళ్ళు ఆగిపోయారు. పెద్దవాళ్ళు తిట్టారు. నీ ఆడమనిషిని లేపు మేస్త్రీ అని దరియావలి సాయిబు కేకేశాడు.

మా ఆయన వచ్చాడు. ముఖం మాడిపోయి ఉంది.

"లెయ్ బడేబీ. నలుగురిలో నా పరువు తీస్తా ఉండావు."

"పరువు పోతే మళ్ళా కట్టుకోవచ్చయ్యా. పిల్లోళ్ళు పోతే యాడ తెస్తావు? పగులు ఉండాదని ఒక్క మాట చెప్పు. లేచి పోతా."

ఆయన ఈసారి నా ముఖంలోకి చూశాడు. చెబుతాడనుకున్నాను. దేవుడి సాక్షిగా చెబుతాడనే అనుకున్నాను.

"ఒకసారి కూర్చుని చూపించినా గదా. మళ్ళా కూర్చుంటా, అందరూ బయటే ఉండండి" అన్నాడు.

కాలు పట్టుకున్నాను. విడిపించుకుని, నన్ను దాటి లోపలికి పోయి తలుపు మూసి గడియ వేసుకున్నాడు. కూర్చునేదానికి తలుపు మూయడమెందుకో ఎవరికీ తోచలేదు. నేను చెక్కకు చెవి ఆనించాను. లోపల బరువైనదేదో నేల మీద ఈడుస్తున్న చప్పుడు వినబడింది. తలుపు తియ్యమని బాదాను. పైన గుమ్మటం ఒక్కసారి మూలిగింది. అంతే, తలుపు నా మీదికి ఉబ్బింది, దుమ్ములో సూర్యుడు కూడా కనబడలేదు.

మా మరుదులు నన్ను పక్కకు ఈడ్చుకుపోయారు. బయట ఉన్నవాళ్ళలో ఒక్కరికీ ఏమీ కాలేదు.

తర్వాత పడిన స్తంభాలు మళ్ళీ నిలబెట్టి, పాత పలకలే కప్పారు. షావలి మేస్త్రీ కట్టుబాటు తప్పకుండా తన గుమ్మటం కిందే కూర్చుని పోయాడని ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటారు. అబద్ధం. ఇటుకలు ఎత్తేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆయన కూర్చుని లేడు. ఒక తాటి మొద్దును పగిలిన కమాను కిందికి తెచ్చి నిలబెట్టి, దానికి భుజం ఆనించి ఉన్నాడు.

నా మాట నమ్మాడు. గడప దగ్గర ఆ ఒక్క మాట అని ఉంటే, ఈ పూట కూడా పళ్ళెం ముందు కూర్చుని అన్నం చల్లార్చుకునేవాడు.