కిటికీ వైపు బుగ్గ

చెల్లెలు చర్మవ్యాధుల క్లినిక్‌లో లేజర్ ఆపరేటర్. మంగు మచ్చలు, మొటిమల గుంటలు, కుట్ల గీతలు, ఎవరు ఏది తెచ్చినా ఆమె ముందడిగే ప్రశ్న ఒక్కటే: "ఈమధ్య ఎండలో తిరిగారా?" తిరిగామంటే ఎంతటివారినైనా వెనక్కి పంపేస్తుంది. ఎండకు కమిలిన చర్మం మీద లేజర్ పడితే పాత మచ్చ పోవడం అటుంచి, కొత్తది పుడుతుంది. తిరగలేదన్నా వదలదు. చెవి వెనక పరీక్షకని లేజర్‌తో చిన్న చుక్క వేసి, కొన్ని వారాలు ఆగి చూశాక గానీ ముఖం జోలికి వెళ్లదు.

అంత చాదస్తపు మనిషీ సొంత అక్క దగ్గరికొచ్చేసరికి అన్నీ గాలికొదిలేసింది. ఏమనాలి!

అక్క బుగ్గ మీద మచ్చ చెల్లెలు పెట్టిందే. చిన్నప్పుడు బొమ్మ గౌనుకి ఇస్త్రీ చేస్తానని ఒకటే మారాం. అక్క వద్దని లాక్కోబోయింది. ఆ పెనుగులాటలో ఇస్త్రీపెట్టె మొన అక్క బుగ్గకు అంటుకుంది. అక్క ఆ మచ్చని ఏనాడూ దాచుకోలేదు. జుట్టంతా వెనక్కి లాగి ముడేసుకుని, దర్జాగా సిటీ బస్సు నడిపేది. ఎవరైనా అడిగితే, "బుగ్గకి ఇస్త్రీ చేయించుకున్నానండీ, ఇక ముడతలు పడవు" అని నవ్వేది. ఆ మాట విన్నప్పుడల్లా చెల్లెలి మనసు చివుక్కుమనేది. ఆ మచ్చ చెరిపేస్తే తప్ప తనకు మనశ్శాంతి లేదనుకుంది. ఈ పని నేర్చుకున్నదే అందుకు.

ఏళ్ల తరబడి బతిమాలగా, ఒక మధ్యాహ్నం అక్క యూనిఫాంలోనే వచ్చి కుర్చీలో కూలబడింది.

"కానియ్యవే. నీ పోరు పడలేకపోతున్నా."

డాక్టరమ్మ భోజనానికి వెళ్లింది. చుక్క వేసి ఆగుదామంటే ఈ మహాతల్లి మళ్లీ వస్తుందో రాదో! రోజంతా బస్సులో కూర్చునే మనిషికి ఎండేమిటిలే అనుకుని, ఆ ఒక్క ప్రశ్నా అడగకుండా, అక్క కళ్ల మీద నల్ల మూతలు పెట్టి లేజర్ పెడల్ తొక్కింది.

"మండుతోందే!"

"కాస్త ఓర్చుకో అక్కా, అయిపోయింది."

డ్రైవర్ పక్కన కిటికీ ఉంటుందన్న సంగతి ఆమెకు తట్టనేలేదు. ఏళ్లుగా ఎండంతా పడుతున్నది ఆ బుగ్గ మీదే.

బొబ్బలెక్కింది. పొక్కులు రాలాక చూస్తే, గోరంత గోధుమరంగు మచ్చ ఉన్నచోట బుగ్గంతా తెల్లగా పాలిపోయింది. రంగు మళ్లీ వస్తుందని చెప్పలేనంది డాక్టరమ్మ. "ఇంకెవరికైనా ఇలా చేసేదానివా?" అని నిలదీసింది.

మర్నాడు చెల్లెలు వెళ్లి అక్క బస్సెక్కింది. డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నన్ను నాలుగు తిట్టక్కా."

"తిడితే పోతుందా? ఆ పాత మచ్చ నాకెప్పుడూ బరువు కాలేదే. నువ్వు కుమిలిపోతున్నావనే వచ్చాను."

ఇంతలో ఎక్కిన ఒక పెద్దావిడ ఆగి, "అయ్యో, బుగ్గకేమైందమ్మా?" అంది.

చెల్లెలు ఇస్త్రీ జోకు కోసం ఎదురుచూసింది. అక్క నవ్వలేదు. ముడి విప్పి, జుట్టు బుగ్గ మీదికి లాక్కుంది.

"లోపలికి జరగండమ్మా" అని బస్సు కదిలించింది. కిటికీ గాలికి జుట్టు ఎగిరినప్పుడల్లా, ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేత్తో మళ్లీ కప్పుకుంటూనే ఉంది.