పాడు తలుపు తీశాడు

ఉదయం పదిన్నరకు తండ్రి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది.

“అమ్మడూ, ఈ పాడు ఎవడే?”

“ఏ పాడు నాన్నా?”

“మూడో అధ్యాయంలో. ‘పాడు తలుపు తీశాడు’ అనుంది. దొంగా, దెయ్యమా?”

అమ్మడు గబగబా మూడో అధ్యాయం తెరిచింది. పాత పుస్తకాలను ఈబుక్కులుగా మార్చే ఆఫీసులో చేరి ఆరు నెలలు కావస్తోంది. ఉద్యోగం ఖాయమో కాదో ఈ వారమే తేలుతుంది. ఆమె ఒంటిచేత్తో చేసిన మొదటి నవల ఆ పొద్దునే అమ్మకానికి వచ్చింది.

నవల ఒక పాటగత్తె కథ. పాత అచ్చులో సిరా పాకి, ‘ప’కూ దాని దీర్ఘానికీ మధ్య ఉండాల్సిన సందు పూడిపోయింది. దాంతో స్కాన్ చేసిన యంత్రం ‘పా’ని ‘వా’ అని చదివింది. ‘ఆమె పాడింది’ కాస్తా ‘ఆమె వాడింది’ అయింది. శుక్రవారం గడువు ముంచుకొస్తుంటే, అమ్మడు పది చోట్ల సరిచూసుకుని, ‘వాడ’ ఏ గుణింతంతో ఉన్నా ‘పాడ’ పెట్టమని కంప్యూటర్‌కు చెప్పేసింది. అది చెప్పినట్టే చేసింది. పాటగత్తె మళ్లీ పాడింది. ఆమెను వదిలిపోయిన మొగుడు మాత్రం, వాడు కాస్తా పాడు అయ్యాడు. పనివాడు పనిపాడు అయ్యాడు.

తండ్రి ప్రెస్సులో ముప్పై ఏళ్లు సీసపు అక్షరాలు పేర్చి చూపు సగం పోగొట్టుకున్న మనిషి. ఫోన్‌లో అక్షరం పెద్దది చేసుకోవచ్చని కూతురు చూపించాకే మళ్లీ చదవడం మొదలుపెట్టాడు. తెరకు నాలుగు లైన్లే పడతాయి. ఒక్క అక్షరమూ తప్పించుకోదు.

అమ్మడు నేరుగా ఆఫీసు నడిపే మేడమ్ గదిలోకి వెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పింది.

“పాఠకులెవరైనా పట్టుకున్నారా?”

“మా నాన్న పట్టుకున్నారు మేడమ్.”

“అంటే ఇంకెవరూ చూడలేదు.”

“చూసేలోపే అమ్మకం నుంచి దించేద్దాం మేడమ్. మళ్లీ ఒక్కసారిగా మారిస్తే పాట పోతుంది. మొదటి నుంచీ చదవాల్సిందే.”

మేడమ్ తన కంప్యూటర్ వైపు తిరిగింది. “సాయంత్రం దాకా దించుతాను. రచయితకు ఫోన్ నువ్వే చెయ్యి.”

రచయిత పెద్దాయన. ఫోన్‌లో అంతా విన్నాడు. “వాడికి ఆ పేరే సరిపోయిందమ్మా. నాకే తట్టలేదు,” అన్నాడు. తర్వాత నెమ్మదిగా, “పూర్తిగా చదివే ఎక్కించు,” అన్నాడు.

ప్రెస్సులో ప్రూఫు ఇద్దరు చూసేవారు: ఒకరు పైకి చదివితే, ఇంకొకరు అచ్చు మీద వేలు నడిపేవారు. తండ్రి ఇంట్లో తెర మీద వేలు పెట్టుకు కూర్చున్నాడు. అమ్మడు ఆఫీసు మెట్ల మీద కూర్చుని పాత పుస్తకం ఫోన్‌లో చదివి వినిపిస్తూ, ఆయన పట్టిన తప్పులు ల్యాప్‌టాప్‌లో దిద్దింది. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయింది.

ఒకచోట ఆయన ఆపాడు. “ఇక్కడా ‘పాడు’ అనే ఉందే. ‘వాడు’ అని దిద్దాలా?”

“వద్దు నాన్నా. ‘పాడు’ అని ఆమెను అడుగుతున్నాడు.”

“ఎవడు?”

“వాడే.”

“సరే, ఉండనీ. అడగాల్సిందే వాడు.”

ఆరింటికి నవల మళ్లీ ఎక్కింది. వెళ్లేముందు మేడమ్ పిలిచి, ఇంకో మూడు నెలలు చూస్తామంది. అంటే పోలేదు, ఖాయమూ కాలేదు.

ఇంటికొచ్చి అదే చెప్పింది.

“మంచిదే, చూడనీ,” అన్నాడు తండ్రి, ఫోన్ చేతికిస్తూ. “ఈసారి ఎక్కించకముందే నాకు పంపు. అక్షరం ఇంకాస్త పెద్దది చెయ్యి.”