ఇంజను ఆగితే చెప్పాల్సిన మాట

మా మారుమూల ఊరు కన్నమల్లాకు విమానం రోజూ రాదు. వచ్చేరోజున కూడా పైలట్ దొరికితేనే. నా భార్య మేరియన్ వైద్యానికి బ్రిస్బేన్ తిరిగిన ఏడాది, పైలట్ లేడని ప్రయాణం రెండుసార్లు ఆగిపోయింది. తరవాత వచ్చిన ఒక కుర్ర పైలట్ ఆమెను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, కాళ్ళు చాపుకోవడానికి వీలైన చోట కూర్చోబెట్టాడు. అతని పేరు తెలుసుకునేలోగా పెద్ద విమానాలకు వెళ్ళిపోయాడు. అందరూ అంతే. రెక్కలు బలపడగానే ఎగిరిపోతారు.

అందుకే మా ప్రాంతీయ విమాన సంస్థ ఈసారి ఇక్కడి ఊళ్ళవాళ్ళనే పైలట్లుగా తీసుకుందామనుకుంది. మా ఊరి నుంచి వాళ్ళు ఎంచుకున్నది టీగన్‌ని. గొర్రెలు పెంచే ఇంటి పిల్ల. బడిలో సైన్సు చెప్పి రిటైరయిన నేను, ఆమెకు గాలులూ వాతావరణమూ దిక్కుల లెక్కలూ చెప్పాను. ఇక మిగిలింది ఎగిరే పరీక్ష. ఫలితం పరీక్ష రోజు సాయంత్రంలోగా సంస్థకు చేరకపోతే ఆమె చోటు ఇంకొకరికి పోతుంది.

పరీక్ష పెట్టడానికి టూవూంబా నుంచి లోర్నా హాల్పిన్ వచ్చింది. ఇద్దరూ ఎగిరొచ్చి దిగేసరికి నేను ఫ్లయింగ్ క్లబ్బు షెడ్డులో టీ కాస్తున్నాను. టీగన్ మొహం మాడిపోయి ఉంది.

"ఏమైంది మేడమ్?"

"చివరిదాకా బంగారంలా నడిపింది. అప్పుడు నేను ఇంజను వేగం తగ్గించి, 'ఆగిపోయిందనుకో, ఎక్కడ దింపుతావ్?' అన్నా. ఎదురుగా బల్లపరుపు పొలం. అటే దిగుతూ దిగుతూ ఉన్నట్టుండి పైకి లేపేసింది. ఎందుకో ఒక్క ముక్క చెప్తేనా!"

టీగన్ తలొంచుకుంది. "అక్కడ గొర్రెలు ఈనుతున్నాయి. అంత కిందికెళ్తే బెదిరి పరిగెడతాయి. తల్లి వదిలేసిన పిల్ల బతకదు."

"నిజంగానే ఇంజను ఆగితే?"

"నిజమైతే అక్కడే దింపుతా. ఇది ఉత్తుత్తిదే కదా."

"పైకి లేపినందుకు కాదమ్మాయ్ నా కోపం. ఆ మాట నాతో అంటే ఇంకో పొలం చూసుకోమనేదాన్ని. రేపు నీ పక్కన ఇంకో పైలట్ కూర్చుంటాడు. నీ బుర్రలో ఏముందో తెలుసుకోడానికి సోది చెప్పించుకోవాలా అతను?"

మా వైపు జనం అంతే. ఇద్దరు కలిసి పొద్దస్తమానం కంచె బాగుచేసినా నాలుగు మాటలు దొర్లవు. చేస్తున్న పని పైకి చెబితే, 'నాకు కళ్ళు లేవా?' అంటారు.

"టీ తాగాక ఆ ఒక్క భాగం మళ్ళీ చేయిస్తా," అంది లోర్నా. "మళ్ళీ మూగనోము పట్టావో, ఇంటికే."

నేను టీగన్‌ని బయటికి పిలిచాను. "పద, కాస్త నడుద్దాం. చూసిందీ చేసిందీ అంతా పైకి చెప్పు."

"సిగ్గేస్తోంది మాస్టారూ."

"చూశావా, చెప్పేశావుగా! ఇంకా?"

"నడుస్తున్నా. కుడివైపు కంచె. చేతిలో టీ కప్పు కాలుతోంది. మీ బూటు లేసు ఊడింది, తొక్కుకుని పడేరు." నేను వంగి కట్టుకుంటుంటే ఆమె గొంతు తగ్గింది. "మనూరికి విమానం నేనే తేవాలని ఉంది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

తలూపి ఊరుకోబోయాను. కానీ నోరు విప్పడం నేర్పుతున్నది నేనే కదా అనిపించి, "నాకు చాలా సంతోషంగా ఉందమ్మా," అన్నాను.

వాళ్ళు మళ్ళీ ఎగిరారు. దూరాన ఇంజను చప్పుడు సన్నగిల్లింది, వినబడకుండా పోయింది, మళ్ళీ వచ్చింది. కడిగిన కప్పులే కడుగుతూ కూర్చున్నాను.

ముందు లోర్నా దిగింది, చెవి రుద్దుకుంటూ. "బాబోయ్, ఒకటే వాగుడు! గాలి ఎటో, పొలం ఎందుకు మార్చిందో, చివరికి ఆకలేస్తోందని కూడా చెప్పింది."

"మరి పాసేనా?"

"పాస్ కాక! ముందు ఆ పిల్లకి తినడానికేమైనా పెట్టండి."

నేను రొట్టె కోస్తుండగా టీగన్ గుమ్మంలో నిలబడి ఇంటికి ఫోన్ చేసింది.

"నాన్నా, పాసయ్యాను."

అవతలినుంచి మాట లేదు.

"నాన్నా, తలూపితే నాకు కనబడదు. పైకి చెప్పు."

ఫోన్ చెవికి గట్టిగా అదిమిపట్టుకుని, రన్‌వే వైపు తిరిగి, చాలాసేపు వింటూ నిలబడింది. ఆయన ఏమన్నాడో నేను అడగలేదు. రొట్టెకు కాస్త ఎక్కువే వెన్న రాశాను.