ఈరవ్వ రాయించిన దరఖాస్తు

ఈరవ్వకు బీడీ కార్ఖానాలో కార్డు తన పేరు మీదే ఉంది. నిజామాబాదులోని ఆ గల్లీలో అలా ఉన్నది ముగ్గురికే. మిగతావాళ్లు మొగుళ్ల పేర్ల మీదనో, అత్తల పేర్ల మీదనో బీడీలు చుట్టేవారు. అందుకే ఏడో నెల పడగానే మున్షీ సత్తార్ సాబ్ కార్ఖానా ఇచ్చే కాన్పు పైసల కాగితం మీద ఆమెతో వేలిముద్ర వేయించాడు.

"మా ఆయిన బోధన్ల చక్కర ఫ్యాక్టరీల జేస్తడు సాబ్. ఏమన్న అడ్డమైతదా?" అని ఆమె భయంగా అడిగింది.

"గాయనతోని మాకేం పని బిడ్డా? బీడీలు చుట్టింది నువ్వు. హక్కు నీదే," అన్నాడాయన.

అది డెబ్బై రెండో సంవత్సరం. వానల్లేక చెరకు ఎండిపోయింది. ఫ్యాక్టరీలో ఆమె మొగుడు రాజలింగుకు వారానికి మూడు దినాలే పని దొరుకుతోంది. ఇంట్లో ముసలి అత్త, ఇద్దరు ఆడపిల్లలు. దిక్కులేని ఆడవాళ్లకు తాలూకా ఆఫీసులో జొన్నలు పోస్తున్నారని విన్న రాజలింగు, ఒక ఆదివారం పెళ్లాన్ని దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"మొగడు ఇడిసిపెట్టి పోయిండని రాయించు. కార్ఖానా పైసలు ఎట్లైన వస్తయి, జొన్నలు గూడ వస్తయి."

"నీ బిడ్డను కడుపుల పెట్టుకొని గా మాట ఎట్ల జెప్పాలె? నోరెట్ల వస్తది?"

"కాగితం మీదనే గదనే! నిజంగ పోతున్ననా?"

ఈరవ్వ రాయించింది. రాసినతను దరఖాస్తు చదివి వినిపిస్తుంటే, ఎవరి సంగతో వింటున్నట్టు తల వంచుకుని నిలబడింది.

నెల తిరక్కుండానే తాలూకా ఆఫీసు గిర్దావరు విచారణకు వచ్చాడు. ఆ పూట రాజలింగు ఇంట్లోనే ఉన్నాడు. సంగతి తెలియగానే వెనక గోడ దూకి, పక్కింటి వెంకటవ్వ కట్టెల కొట్టంలో దాక్కున్నాడు.

"మీ ఆయిన ఎన్నడు పోయిండమ్మా?" అని గిర్దావరు అడిగాడు.

జవాబు చెప్పబోతుండగా ఈరవ్వ నడుములో కత్తి దిగినట్టయింది. ఇంకా నెలలు నిండలేదు. గడప పట్టుకుని కూలబడింది. నేల తడిసింది.

"ఓ లస్మి బాపూ!" పెద్దబిడ్డ పేరుతో, రోజూ మొగుణ్ని పిలిచినట్టే పిలిచింది.

ఎవరూ రాలేదు. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈరవ్వ మళ్లీ పిలిచింది. కొట్టం తలుపు కదలలేదు. మూడోసారి గొంతు పెగల్లేదు, ఊపిరి మాత్రమే వచ్చింది.

అప్పుడొచ్చాడు రాజలింగు, తలనిండా కట్టెపొట్టుతో. గిర్దావరు మొహం చూడకుండా, ఆమెను రెండు చేతులా ఎత్తుకుని రిక్షాల అడ్డాకు పరుగెత్తాడు.

పొద్దుగూకకముందే పెద్దాసుపత్రిలో గుప్పెడంత ఆడపిల్ల పుట్టింది. బతికింది. జొన్నల జాబితాలో ఈరవ్వ పేరు కొట్టేశారు. అబద్ధం రాయించినందుకు కేసు పెట్టకుండా గిర్దావరు వదిలేశాడు. కార్ఖానా పైసలు మాత్రం చెప్పిన దినానికే అందాయి.

"జర ఆలిశమైంది. జొన్నలు పోతయేమో అని..." అన్నాడు ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్న రాజలింగు.

"మూడుసార్లు పిలిచిన," అని ఈరవ్వ పసిదాని వైపు ఒత్తిగిలింది.

తర్వాత వాళ్లు చాలా ఏళ్లు కలిసే బతికారు. కానీ ఈరవ్వ ఇక ఏ పనికీ అతన్ని పిలవలేదు. అవసరమైతే లేచి, తానే వెళ్లేది.